ఆగినచోటే పోతాయి

శివరాత్రికి వారం ముందు నుంచే మా దోర్నాల కూడలి మా చేతిలో ఉండదు. మార్కాపురం వైపు నుంచి కొందరు, యర్రగొండపాలెం వైపు నుంచి కొందరు, నెత్తిన ఇరుముడి, భుజాన తువ్వాలు, ఒట్టికాళ్లతో వచ్చి ఘాటు రోడ్డు పడతారు. ఇక్కణ్ణించి శ్రీశైలం యాభై కిలోమీటర్ల లెక్క. టీ అంగడి ముందు నిలబడి అందరూ వాళ్ల పాదాల బొబ్బలు చూసి అయ్యో అంటారు. నేను మాత్రం ముక్కులు చూస్తాను. ఎవరికి కళ్లజోడు ఉంది, దాన్ని ఎట్లా కట్టుకున్నారు, ఎవరిది కొండ దిగేలోపల పగులుతుంది. ఇదొక జబ్బు నాకు. కోతి వల్ల పట్టుకుంది.

చాలా ఏళ్ల కిందట నేనూ శివమాల వేసి నడిచాను. చిన్నారుట్ల దాటాక రోడ్డు పక్కన అన్నదానం పందిరి. ఆకలి మీద ఉన్నా ముందు మొహం కడుక్కుందామని నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయాను. కళ్లజోడు తీసి డ్రమ్ము మూత మీద పెట్టాను. దోసిట్లో నీళ్లు పట్టి మొహాన కొట్టుకుని కళ్లు తెరిచేసరికి వెనకనుంచి ఎవరో “స్వామీ, కోతి, కోతి!” అని అరుస్తున్నారు. నా సైటు మైనస్ నాలుగున్నర. అంటే జానెడు దూరం దాటిన ప్రపంచమంతా నాకు తడిసిన ముగ్గే. కోతి ఎక్కడుందో తెలియదు. నల్లమద్ది కొమ్మ మీద గోధుమరంగు మసక ఒకటి కదిలింది, అంతే. పండు ఇస్తే వస్తువు వదిలేస్తుందని మా జట్టులో ఒకాయన అరటిపండు విసిరాడు. కోతి పండు పట్టుకుంది. కళ్లజోడు వదల్లేదు. కాసేపు కాడలు కొరికి చూసి, రుచి నచ్చలేదేమో, లోయలోకి గిరాటేసింది. అది లోయలో పడిందని కూడా చూసినవాళ్లు చెప్తేనే తెలిసింది.

ఆ రోజంతా నడిచింది తలుచుకుంటే ఒకటి అర్థమైంది. తెల్లవారుజామున లేచి, వంకలు దాటి, అడ్డదారుల్లో ఎక్కి, వెదురు పొదల్లో దూరి వచ్చాను. ముక్కు మీదున్న కళ్లజోడుకు ఏమీ కాలేదు. ఆగి, చేత్తో తీసి, ఒకచోట పెట్టిన అర నిమిషంలో పోయింది. అప్పటినుంచి లెక్క పెడుతున్నాను. మా ఎరుకలో దారిలో కళ్లజోడు పోగొట్టుకున్నవాళ్లలో నడుస్తూ పోగొట్టుకున్నవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతా అందరూ ఆగినచోటే. మొహం కడుక్కునేచోట, అన్నానికి కూర్చున్నచోట, పడుకున్నచోట, పాతాళగంగలో మునిగేచోట.

కాబట్టి కొండెక్కేవాళ్లకు నేను చెప్పేది కళ్లజోడు గురించి కాదు, చేయి గురించి. తీసిన చేయి ఖాళీ అయ్యేలోపల అది పోవలసినచోటికి పోవాలి. బండ మీద, డ్రమ్ము మీద, పక్కవాడి సంచి మీద “ఒక్క నిమిషం” అని పెట్టకూడదు. గట్టి పెట్టె ఒకటి ఉంటే మేలు, అయితే పెట్టె సంచి అడుగున ఉంటే లేనట్టే. పైన, చేయి పెడితే తగిలేచోట ఉండాలి. ప్యాంటు వెనక జేబు సంగతి చెప్పక్కర్లేదు. చొక్కా బొత్తాల దగ్గర కాడ దోపుకునేవాళ్లను చూస్తే మాత్రం నాకు గుండె జారుతుంది. నీళ్ల సీసా తీయడానికి వంగుతారు, అది జారి రాయి మీద పడుతుంది. అద్దాల వైపే పడుతుంది, ఎందుకో.

రాత్రి మజిలీ ఇంకా కష్టం. కొండలెక్కడం వ్యాపకంగా పెట్టుకున్నవాళ్లు డేరాలో పడుకునేటప్పుడు కళ్లజోడు బూటులో పెట్టుకుంటారు, నిద్రలో తొక్కకుండా. మాల వేసినవాడికి బూటు యాడిది? టార్పాలిన్ మీద వందమంది వరసగా పడుకుంటారు. అర్ధరాత్రి లేచినవాడు చీకట్లో ఎవరి తలకాడ అడుగు వేస్తాడో శివుడికే తెలియాలి. మా జట్టులో ఒక పెద్దాయన చేసిన పని నాకు నచ్చింది. పొడుగాటి స్టీలు గ్లాసులో తువ్వాలు ముక్క కుక్కి, అందులో కళ్లజోడు నిలువుగా దించి, గ్లాసును చెట్టు మొదట్లో ఆనించి పెట్టాడు. కాలు తగిలితే గ్లాసు మోగుతుంది, కళ్లజోడు మిగులుతుంది. పొద్దున్నే అదే గ్లాసులో టీ.

తాడు మాట. మెడలో తాడు వేసుకోవడం ముసలితనం అనుకునే కుర్రాళ్లు మా మిరప చేలకు రావాలి. కాయ కోతకు వచ్చే అవ్వలు పొద్దస్తమానం వంగే ఉంటారు. కాడల చివర్లకు నల్లదారం కట్టి, తల వెనక బిగించి ముడి వేస్తారు. ముడి ఎంత బిగువంటే, తల ఊపితే కళ్లజోడు తలతోపాటే ఊగాలి. వదులుగా రొమ్ము మీదికి వేలాడే గొలుసుతాళ్లు బ్యాంకు కౌంటర్లో బాగుంటాయి. అడవిలో కొరింద కంపకు తగులుకుంటే తాడూ కళ్లజోడూ రెండూ అక్కడే ఆగిపోతాయి. అవ్వల దగ్గర ఇంకో నియమం ఉంది. కోత అయ్యేదాకా కళ్లజోడు ముట్టుకోరు. ఆ చేత్తో ఒకసారి ముట్టుకుంటే ఆ పూటకు కళ్లూ ఉండవు, కళ్లజోడూ ఉండదు.

ఇంకో తప్పు మన మార్కాపురం తప్పు అంటాను నేను. మాది పలకల సీమ. పలక పాతబడితే దొండాకూ బొగ్గూ కలిపి రుద్దేవాళ్లం, తీరికలేనప్పుడు ఉమ్మీ చొక్కా అంచూ. ఆ చేతివాటమే కళ్లజోడుకు దిగింది. ఘాటు రోడ్డు దుమ్ములో ఇసుక ఉంటుంది. నుదుటి విభూతి చెమటలో కరిగి అద్దాల మీదికి జారుతుంది. దాన్ని పొడిగా ఉత్తరీయంతో రుద్దితే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. ఇప్పటి అద్దాలు పేరుకే అద్దాలు, నిజానికి ప్లాస్టిక్కు. కిందపడితే ఒకపట్టాన పగలవు గానీ గీత మాత్రం ఇట్టే పడుతుంది. ముందు నీళ్లు పోయాలి, దుమ్ము కొట్టుకుపోవాలి, ఆ తర్వాతే బట్ట. బట్ట నూలుదైతే చాలు. తాగే నీళ్లు పొదుపుగా వాడుకునేచోట ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం. అప్పుడు దుమ్ము అట్లాగే ఉండనిచ్చి నడవడమే మేలు. మసక తుడిస్తే పోతుంది, గీత పోదు. తిరుగుదారిలో బండెక్కి కళ్లజోడును డాష్‌బోర్డు మీద పడేసేవాళ్లూ ఉన్నారు. మన ఎండకు మూసిన బండిలో అద్దాల పైపూత సన్నసన్నగా పగుళ్లు బారుతుంది. కొత్త జత తీసుకునేదాకా ఆ సాలెగూడులోంచే లోకం.

నలభై దాటినవాళ్లకు మరో తిప్పలు. చత్వారం అన్న పేరులోనే నలభై ఉంది. కింద దగ్గర చూపు, పైన దూరం చూపు ఉన్న రెండు సైట్ల జోడుతో మెట్లు దిగితే పాదాలు పుస్తకం చదివే భాగంలోంచి కనిపిస్తాయి. అంటే మెట్టు అంచు మసక. పాతాళగంగ మెట్ల మీద గడ్డం గుండెకు ఆనించి, తల వంచి దిగేవాళ్లను చూసి భక్తి అనుకునేవాణ్ణి. ఇప్పుడు నేనూ అట్లాగే దిగుతున్నాను. కొండకు ఒకే సైటున్న పాత జత తీసుకుపోవడం తెలివైన పని. పాత జత పారేయకండి అని ఇంట్లో పోట్లాడతాను కూడా. దాని సైటు కాస్త తక్కువైనా జానెడు ప్రపంచం కంటే నయం.

ఈ మధ్య కొత్త ముక్కులు ఎక్కువయ్యాయి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, మన ఆంధ్రలో 2019 అక్టోబరు 10న కంటి వెలుగు పథకం మొదలయ్యాక, అరవయ్యేళ్లదాకా కళ్లజోడు ఎరగని ముక్కుల మీద కళ్లజోడు కూర్చుంది. వాళ్లకు అది ఇంకా ఒంట్లో భాగం కాలేదు, చేతి వస్తువు. ఎక్కడంటే అక్కడ పెడతారు. గిద్దలూరు వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ మా టీ అంగడి దగ్గర కుదేలై కూర్చుంది ఒకసారి. కాడ ఊడింది, మేకు యాడ పడిందో తెలియదు. “నాయనా, రెండో కన్ను పోయినట్టుంది” అంది. అంగడి వెనక తుమ్మచెట్టు. అంగడాయన పోయి తెల్లటి ముల్లు ఒకటి, తిన్నగా ఉన్నది, తుంచుకొచ్చాడు. కీలు బెజ్జాలు రెండూ ఒకదాని మీద ఒకటి సరిపెట్టి ముల్లు దూర్చాడు. బిగుసుకున్నాక పైనా కిందా మిగిలింది పంటితో కొరికేశాడు. గోటితో తడిమి, గరుకు తగలకుండా బెల్లం పాకం చుక్క పెట్టాడు. పాకం ఎందుకని అడిగితే, “ముల్లు జారకుండా” అన్నాడు. నాకైతే అది అలవాటుకొద్దీ పెట్టాడనిపించింది. అవ్వ కొండెక్కి దిగి, మూడో రోజు అదే ముల్లుతో మళ్లీ టీ తాగింది. అప్పటినుంచి నా సంచిలో రెండు పిన్నీసులు ఉంటాయి. ముల్లంత బాగా పనిచేయవు.

ఇంతకీ కళ్లజోడు ఎప్పటిది? పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమంటూ ఒక భాగమే ఉంది, శ్రీశైలం కొండ చుట్టూ అల్లినది. ఆయన కాకతీయుల కాలంవాడు. ఆ కాకతీయుల కాలంలోనే, పదమూడో శతాబ్దం చివర్లో, ఇటలీలో కళ్లజోడు పుట్టింది. 1306లో ఫ్లారెన్సులో ప్రసంగిస్తూ ఒక క్రైస్తవ సన్యాసి, ఈ విద్య కనిపెట్టి ఇంకా ఇరవయ్యేళ్లు కాలేదన్నాడు. ఆ కళ్లజోళ్లకు కాడలు లేవు. ముక్కు మీద నొక్కి పెట్టుకోవాలి, లేదా చేత్తో పట్టుకోవాలి. చెవుల మీదికి కాడలు రావడానికి పద్దెనిమిదో శతాబ్దం దాకా ఆగవలసి వచ్చింది. అంటే నాలుగు వందల ఏళ్లకు పైగా కళ్లజోడు కూర్చున్నవాడి వస్తువే. నడిచేవాడికి దక్కింది మొన్నమొన్న.

కళ్లద్దాలు పెట్టుకున్నచోటును బట్టి కథ అల్లినవాళ్లూ ఉన్నారు. 1924లో ఎవరెస్టు మీద కనపడకుండా పోయిన జార్జి మాలరీ దేహం 1999 మే 1న దొరికింది. మంచు కాంతికి కళ్లు దెబ్బతినకుండా పెట్టుకునే నల్లద్దాలు ఆయన జేబులో ఉన్నాయి. జేబులో ఉన్నాయంటే పొద్దుగూకాక దిగుతూ పడ్డాడన్నమాట అని ఒక వాదం. మాలరీ కనపడకుండా పోవడానికి నాలుగు రోజుల ముందే తోటివాడు నార్టన్ నల్లద్దాలు తీసేసి ఎక్కి, కొన్నాళ్లు చూపు పోగొట్టుకున్నాడు. అది తెలిసినవాడు రెండో జత పెట్టుకుపోయి ఉండడా, జేబులోది ఆ రెండోది కాకూడదా అని ఇంకో వాదం. డ్రమ్ము మూత మీద పెట్టినవాణ్ణి కాబట్టి, నేను రెండో వాదం వైపే.

నాకు ఆ రోజు రెండో జత లేదు. అన్నదానం పందిరి నుంచి శిఖరం దాకా మా జట్టు పెద్దాయన తువ్వాలు కొస పట్టుకుని నడిచాను. ముందు నడిచేవాడు కొమ్మ నెట్టి వదిలితే వెనక్కి వచ్చి మొహాన కొడుతుందని, కళ్లజోడు చూపుకే కాక కంటికి డాలుగా కూడా ఉండేదని ఆ నడకలోనే తెలిసింది. నాలుగు అడుగులు వెనకే ఉండమన్నాడు పెద్దాయన. తువ్వాలు మూడు అడుగులు.

శిఖరేశ్వరం సుమారు 2,830 అడుగుల ఎత్తు. నువ్వులు వేసి, నందిని తిప్పి, కొమ్ముల మధ్యలోంచి చూస్తే శ్రీశైల ఆలయ శిఖరం కనిపించాలి. కనిపిస్తే మరు జన్మ లేదని నమ్మకం. నా వంతు వచ్చింది. నందే సరిగా కనిపించడం లేదు. వెనక వరసలో తొందర. “కనిపించిందా స్వామీ?” అని అడుగుతున్నారు. అబద్ధం చెప్పడానికి అదా చోటు?

పందిట్లో అన్నం తిన్న అడ్డాకు విస్తరి మడత నా సంచిలో ఉంది, మరో మజిలీలో పనికొస్తుందని కడిగి పెట్టుకున్నది. కంటి డాక్టరు దగ్గర సైటు చూసేటప్పుడు కంటికి అడ్డం పెట్టే నల్ల బిళ్ల గుర్తొచ్చింది. దానికి చిన్న బెజ్జాలుంటాయి, అందులోంచి చూస్తే అద్దాలు లేకుండానే అక్షరాలు తేలతాయి. విస్తరి కుట్టిన పుల్ల ఒకటి లాగేశాను. ఆకులో సూది మొన కంటే కాస్త పెద్ద బెజ్జం మిగిలింది. దాన్ని కంటికి ఆనించి, రెండో కన్ను మూసి, కొమ్ముల మధ్యకు వంగాను. అన్ని వైపుల నుంచి వచ్చి కంట్లో చెదిరిపోయే వెలుగును బెజ్జం వడగట్టి సన్నటి పోగు ఒక్కటే లోపలికి పంపుతుంది. అందుకని లోకం చీకటిగా కనిపిస్తుంది, కానీ అంచులు వస్తాయి. పచ్చదనం, దాని మీద వెలిసిన ఆకాశం, మధ్యలో గోరంత తెల్లటి మొన. నిజంగానే మొన.

“కనిపించింది” అన్నాను. వెనకున్న ఒకాయన ఆకు అడిగి తీసుకుని చూశాడు, ఆయనకూ సైటే, కళ్లజోడు ముందు రోజు రాత్రి ఎవరో తొక్కారట. ఆయన తర్వాత ఇంకొకరు. ఆకు చేతులు మారి చివరికి నా దగ్గరికే వచ్చింది. దాన్ని పట్టుకునే సాక్షి గణపతి దాకా దిగాను. అక్కడ రెండు చేతులూ జోడించాలి గదా, ఆకును పక్కన గట్టు మీద పెట్టాను. దండం పెట్టుకుని తిరిగి చూసేసరికి ఆవు నములుతోంది.