కొత్త హెచ్.ఎం. చేతికి ‘రైలుబడి’

మన రాష్ట్రంలో స్కూల్ అసిస్టెంటు హైస్కూలు హెడ్మాస్టరు కావాలంటే సీనియారిటీ ఒక్కటే చాలదు, జీవో టెస్టు, ఈవో టెస్టు పాసై ఉండాలి. 88, 97, 141 అనే పేపరు కోడ్లు ప్రమోషన్ కోసం ఎదురుచూసే టీచర్లకు కంఠతా వచ్చు. సెలవు నిబంధనలు, ట్రెజరీ బిల్లులు, సర్వీసు రిజిస్టర్లు తెలియని హెచ్.ఎం. నెల తిరక్కుండానే ఇబ్బందుల్లో పడతాడు. అందుకని ఆ పరీక్షలను తక్కువ చేసి మాట్లాడం. కాకపోతే వాటికోసం చదివే పుస్తకాల్లో పిల్లవాడు ఎక్కువగా అడ్మిషన్ నంబరుగానే కనిపిస్తాడు.

ఇక నాయకత్వ శిక్షణలు ఉన్నాయి. 2012లో ఢిల్లీలో జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం ఏర్పడింది. అది తయారుచేసిన చేతిపుస్తకంలో ఏడు రంగాలున్నాయి: నాయకత్వంపై అవగాహన, స్వీయ వికాసం, బోధనాభ్యసనంలో మార్పు, జట్టు నిర్మాణం, నవకల్పన, భాగస్వామ్యాలు, పరిపాలన. 2019లో మొదలైన నిష్ఠ శిక్షణలో కూడా నాయకత్వం ఒక భాగం. పేర్లన్నీ మంచివే. అయితే ఆ పేర్ల జాబితా పట్టుకుని దివిసీమలోనో, కైకలూరు రొయ్యల చెరువుల మధ్యనో ఉన్న బడికి సోమవారం పొద్దున వెళ్లిన కొత్త హెచ్.ఎం.కి ముందు ఏ తలుపు తట్టాలో తెలియదు. ఫోను మాత్రం మోగుతూనే ఉంటుంది. హాజరు ముఖం ఫోటోతో పడిందా, గుడ్లు ఎన్ని వచ్చాయి అని అడుగుతుంటారు. కొన్నేళ్లు మరుగుదొడ్ల ఫోటోలు కూడా టీచర్లే ఎక్కించారు.

అలాంటి హెచ్.ఎం.కి మేము ‘రైలుబడి’ ఇస్తాం. జపాన్ రచయిత్రి తెత్సుకో కురోయనాగి 1981లో అచ్చువేసిన ‘తొత్తోచాన్’కు ఇది తెలుగు. చాలామంది టీచర్లు దీన్ని ఒక అల్లరి పిల్ల కథగా చదివి మురిసిపోతారు. బి.ఇడి., డి.ఇడి. తరగతుల్లో కూడా పిల్లల స్వేచ్ఛ గురించి చెప్పేటప్పుడే దీని పేరు ఎత్తుతారు. మాకు మాత్రం ఇది ముందుగా ఒక హెడ్మాస్టరు పుస్తకం. సొసాకు కొబయాషి 1937లో టోక్యోలో పెట్టిన తొమోయే బడి, పాత రైలు బోగీలే తరగతి గదులు, అంతా కలిపి యాభై మంది పిల్లలు. 1945 బాంబుదాడుల్లో తగలబడిపోయింది. ఆయన ఏం చేశాడో పిల్ల కళ్లతో చెప్పడం వల్ల, నాయకత్వం అనే మాట ఎక్కడా రాకుండానే ఆ పని ఎలా ఉంటుందో కనిపిస్తుంది.

మొదటి రోజు సంగతి అందరికీ తెలిసిందే. వేరే బడి పంపించేసిన పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని కొబయాషి నాలుగు గంటలు ఆమె చెప్పింది వింటాడు. ఆవలించడు, గడియారం చూసుకోడు. ఈ ఘట్టం చెప్పగానే మన స్టాఫ్‌రూముల్లో వచ్చే జవాబు కూడా తెలిసిందే: మాకంత తీరిక ఎక్కడిది? లెక్క వేద్దాం. అరవై మంది ఉన్న బడిలో ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలంటే మొత్తం ఇరవై గంటలు. రోజుకో గంట చొప్పున ఒక నెల పనిదినాలు సరిపోతాయి. ఆరువందల మంది ఉన్న హైస్కూల్లో ఇది కుదరదు. అక్కడ ఆ యేడు కొత్తగా చేరినవాళ్లతోనూ, హాజరు సగానికి పడిపోయిన వాళ్లతోనూ మొదలుపెట్టవచ్చు. విన్నదాన్ని ఏ యాప్‌లోనూ ఎక్కించనక్కర్లేదు.

మన పిల్లల విషయంలో వినడానికి ఇంకో చిక్కుంది. ఎరుకల ఇళ్లలో కుర్రు మాట్లాడతారు, తండాల్లో లంబాడీ మాట్లాడతారు, యానాదుల తెలుగు యాస వేరు. ఉమ్మడి రాష్ట్రంలో మాతృభాషలో చదువు పథకం 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో మొదలైంది. అందులో లంబాడీకి చోటు దొరికింది గానీ ఎరుకల భాష లేదు. కాబట్టి హెచ్.ఎం. గదిలో నోరు మెదపని పిల్లకు చెప్పడానికేమీ లేదని అనుకోవద్దు. చెట్టు కింద, వాళ్ల అక్కనో తమ్ముడినో పక్కన కూర్చోబెడితే మాట వస్తుంది.

మా దృష్టిలో ఈ పుస్తకంలో హెడ్మాస్టర్లు పదేపదే చదవాల్సింది ఆ నాలుగు గంటల ఘట్టం కన్నా తోక ఘట్టం. పాఠం చెబుతూ ఒక టీచరమ్మ తకహాషి అనే పిల్లవాడిని నీకు తోక ఉందా అని సరదాగా అడుగుతుంది. అతను శరీరం ఎదగని పిల్లవాడు. ఆమె మనసులో చెడు లేదు. ఆ సాయంత్రం కొబయాషి తన ఇంటి వంటగదిలో ఆమెను గట్టిగా నిలదీయడం తొత్తోచాన్ చెవిన పడుతుంది. తక్కిన టీచర్లుండే గదిలో కాకుండా వంటగదిలో మందలించాడని రచయిత్రి ప్రత్యేకంగా గమనించి రాస్తుంది. తకహాషిలాంటి వాడే గెలిచేలా ఆటలపోటీలను రూపొందించిన మనిషికి, ఒక్క సరదా మాట ఆ పనినంతా ఎలా చెరిపేస్తుందో తెలుసు.

దీన్ని కృష్ణా డెల్టాకు తెచ్చుకుందాం. బడిలో జామెట్రీ బాక్సు పోతుంది. ఎవరూ ఏమీ అనకముందే తలలు ఎరుకల పిల్లవాడి బెంచీ వైపు తిరుగుతాయి. ఒక టీచరు నవ్వుతూ, “ఏరా, మీది స్టువర్టుపురమేనా?” అంటాడు. తరగతి అంతా నవ్వుతుంది. ఆ ఊరు బాపట్ల దగ్గర, విజయవాడ–చెన్నై రైలుమార్గం మీదే ఉంది. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ విస్తరించాక, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి ఎరుకల కుటుంబాలను కాపలాలో పెట్టిన సెటిల్‌మెంటు అది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. పుట్టుకతోనే దొంగలని రాసిన ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. సినిమాల్లో మాత్రం రద్దు కాలేదు. 1991లో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ వచ్చింది, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. ఆ సినిమా చూసొచ్చిన పిల్లలు మరునాడు బడిలో ఎవరిని ఏ పేరుతో పిలుస్తారో మనకు తెలుసు. రెండుమూడు సార్లు అలా జరిగితే ఆ పిల్లవాడు రాడు. రిజిస్టరులో కారణం ‘డ్రాపౌట్’ అని ఉంటుంది.

ఇక్కడే కొత్త హెచ్.ఎం.కి అసలు పరీక్ష. సర్దుకుపోదాం, సరదాకే కదా అని వదిలేస్తే ఆ బడి ఎవరిదో మొదటి నెలలోనే తేలిపోతుంది. మెమో ఇస్తే యూనియన్, మండల ఆఫీసు అన్నీ కలిసి విషయాన్ని హెచ్.ఎం.కీ టీచరుకూ మధ్య తగాదాగా మార్చేస్తాయి. పిల్లవాడు పక్కకు పోతాడు. అందుకని కొబయాషి దారే మంచిది: అదే రోజు, వేరుగా, మెత్తగా కాకుండా. కానీ మేము కొబయాషితో ఒక చోట విభేదిస్తాం. వంటగదిలో జరిగింది తకహాషికి తెలిసినట్టు పుస్తకంలో లేదు. తొత్తోచాన్ విన్నది కాబట్టి మనకు తెలిసింది. మన దగ్గర అవమానం నలభై మంది ముందు జరుగుతుంది. దిద్దుబాటు కూడా ఆ నలభై మందికీ చేరాలి. మరునాడు హెచ్.ఎం. ఆ తరగతికే వెళ్లి, ఏ పిల్లవాడి పేరూ ఎత్తకుండా, 1871 నుంచి 1952 దాకా ఏం జరిగిందో ఒక పీరియడ్ చెప్పాలి. సోషల్ పాఠంగానే చెప్పవచ్చు. టీచరు పరువు వంటగదిలో కాపాడవచ్చు, పిల్లవాడి పరువు తరగతి గదిలోనే తిరిగి రావాలి.

భోజనం సంగతి పుస్తకంలో అందంగా ఉంటుంది. కొండ నుంచి కొంచెం, సముద్రం నుంచి కొంచెం తెచ్చుకోమంటాడు కొబయాషి. ఎవరి డబ్బా చూసి ఎవరూ నవ్వకుండా చేసిన ఏర్పాటు అది. మనకు 2003 నుంచి బడిలోనే వండిన భోజనం ఉంది కాబట్టి డబ్బాల తేడా లేదు. వరుసల తేడా ఉందేమో హెచ్.ఎం. అక్కడ కూర్చుని తింటేనే తెలుస్తుంది. ఎలుకలు, పీతలు తింటారని యానాది పిల్లలను ఏడిపించేవాళ్లకు, కోతలయ్యాక పొలాల్లో ఎలుకలు పట్టడానికి రైతులు పిలిచేది వాళ్ల నాన్నలనే అని గుర్తుచేయడం కూడా పాఠమే.

పుస్తకానికి హద్దులున్నాయి. తొమోయే ప్రైవేటు బడి. కొబయాషికి బదిలీల కౌన్సెలింగ్ లేదు, సర్పంచి లేడు, పైనుంచి ఫోన్లు ఉన్నట్టు కనబడదు. అంతకన్నా పెద్ద హద్దు మసావో. తొత్తోచాన్ బడికి వెళ్లే దారిలో కనిపించే కొరియన్ పిల్లవాడు. తననందరూ కొరియన్ అని తిట్టడంతో అదే తిట్టు అనుకుని ఆ మాటనే తొత్తోచాన్ మీద విసురుతాడు. తల్లి ఆ సంగతి విని కన్నీళ్లు పెట్టుకుంటుంది. కథ ముందుకు వెళ్లిపోతుంది. మసావో మాత్రం ఆ బోగీల్లోకి రాడు. పిల్లలందరినీ ప్రేమించిన హెడ్మాస్టరు ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లినట్టు పుస్తకంలో ఎక్కడా లేదు. ఈ ఖాళీని విమర్శకులు పెద్దగా పట్టించుకోరు. మేము పట్టించుకోకుండా ఉండలేం, ఎందుకంటే కాలవ గట్టు మీద నిలబడి బడివైపు చూసే యానాది పిల్లవాడు మాకు మసావోనే.

ఈ పిల్లవాడిని లోపలికి తేవడానికి కొబయాషికి లేనివి మన హెచ్.ఎం. చేతిలో కొన్ని ఉన్నాయి. విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని ఎవరినీ వెనక్కి పంపకూడదు. 5వ సెక్షన్ ప్రకారం టి.సి. ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు. ఆధార్ లేకపోతే యాప్ ఒప్పుకోదని చెప్పి పంపించేసే గుమాస్తా మాట కంటే చట్టం పెద్దదని హెచ్.ఎం.కి తెలిసి ఉండాలి. 21వ సెక్షన్ పాఠశాల కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, బలహీన వర్గాలకు వాళ్ల పిల్లల నిష్పత్తిలో చోటుండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని చెబుతుంది. కమిటీ ఎన్నిక రోజున యానాది తల్లి వచ్చి చివర నిలబడితే కుర్చీ వేయించడం హెచ్.ఎం. పని. ఆమె పనికి పోయే గంటలు చూసి సమావేశం పెట్టడం కూడా.

2022లో 117 జీవోతో 3, 4, 5 తరగతులను చాలాచోట్ల హైస్కూళ్లకు కలిపినప్పుడు, కాలనీ పక్కన బడికి నడిచే ఎనిమిదేళ్ల పిల్ల రోడ్డు దాటాల్సి వచ్చింది. 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు. ఈ మూడేళ్లలో ఏ పిల్లలు దారిలో ఆగిపోయారో పాత రిజిస్టరు, కొత్త రిజిస్టరు పక్కపక్కన పెడితే పేర్లతో సహా తెలుస్తుంది. కొత్త హెచ్.ఎం. మొదటి వారంలో చేయదగిన పని అది. ఒక మధ్యాహ్నం చాలు.

రొయ్యల చెరువుల కాపలా కుటుంబాలు ఎప్పుడు ఏ గట్టుకు మారతాయో ఆఫీసు రికార్డు కంటే ముందు యానాది పెద్దలకే తెలుస్తుంది. జూన్‌లో అడ్మిషన్ల ప్రచారమని ఫ్లెక్సీ పట్టుకుని ఊరి సెంటర్లో తిరిగే సమయంలో సగం ఆ గట్ల మీద తిరిగితే ఆ పిల్లల పేర్లు రిజిస్టరులోకి ఎక్కుతాయి. కోతలప్పుడు పదిహేను రోజులు రాకపోయినా వాటిని కొట్టేయకుండా ఉంచడం, ఆ పిల్లలు తిరిగొచ్చినప్పుడు ఎక్కడికెళ్లావని గేటు దగ్గర నిలబెట్టకుండా లోపలికి పంపడం డిసెంబరు పని.