రిచ్‌మండ్‌లో ఒక రోమన్ గుడి

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి కొత్త రాజధాని అయిన రిచ్‌మండ్‌లో శాసనసభకు భవనం కావలసి వచ్చింది. 1785లో అధికారులు పారిస్‌లో రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్‌ను ప్లాను పంపమన్నారు. అది చేరకముందే రిచ్‌మండ్‌లో ఇటుక పని మొదలుపెట్టేశారు. సంగతి తెలిసి జెఫర్సన్ ఊరుకోలేదు. పని ఆపించమని, పేర్చిన ఇటుకలు తీసేసినా పోయేది కొంచెమేనని వర్జీనియా నాయకుడు జేమ్స్ మాడిసన్‌కు ఉత్తరం రాశాడు. కళ్ల ముందు మంచి కట్టడం ఒక్కటైనా లేకపోతే కొత్త దేశపు జనానికి అభిరుచి ఎలా అబ్బుతుందన్నది ఆయన వాదన.

ఆయన ఎంచుకున్న నమూనా ఫ్రాన్స్‌లోని నీమ్ పట్టణంలో ఉన్న మేజోఁ కారే. సుమారు 2,000 ఏళ్ల కిందటి రోమన్ గుడి అది. అప్పటికి దాన్ని ఆయన కళ్లారా చూడలేదు, చూసింది 1787లో. ఆ గుడిని కొలిచి పుస్తకం వేసిన వాస్తుశిల్పి క్లెరిసో పక్కనుండి సాయం చేశాడు. నియోక్లాసికల్ పద్ధతిలో కొత్త రూపం కనిపెట్టడం గొప్ప కాదు. కాలానికి నిలిచిన రూపాన్ని తీసుకుని, దాని పొందిక చెడకుండా కొత్త అవసరానికి మలచడమే పనితనం.

ఆ మలచడం తేలిక కాదు. గుడి గోడలకు కిటికీలుండవు. శాసనసభలో మనుషులు కూర్చుని చదవాలి, వాదించుకోవాలి, వెలుతురు కావాలి. అందుకని పక్క గోడల్లో కిటికీలు వరుసలుగా వచ్చాయి. అసలు గుడి స్తంభాల తలలపై కొరింథియన్ పద్ధతిలో అకాంథస్ ఆకుల గుత్తులుంటాయి. అంత సన్నని చెక్కడం కష్టమని జెఫర్సన్ నత్తగుల్లలా చుట్ట తిరిగే అయోనిక్ శీర్షాలకు మారాడు. ముఖమండపం లోతు కూడా తగ్గించాడు. అసలుది రాతి కట్టడం, ఇది ఇటుక మీద గార. ఇన్ని మార్పుల తర్వాతా ముందు ఆరు స్తంభాలు, వాటి మీద త్రికోణపు ముఖభాగం చూడగానే ఆ గుడి పోలిక తెలిసిపోతుంది.

గీతలు చూసి మేస్త్రీలు పొరపడతారేమోనని, ఫూకే అనే శిల్పి చేత 60వ వంతు కొలతలో ప్లాస్టర్ నమూనా చేయించి ఓడలో పంపాడు. అది నేటికీ ఆ భవనంలోనే ఉంది.

లోపలి గుమ్మటం నాకు మరీ ఇష్టం. రెండు వాలుల కప్పు కింద ఒదిగి ఉండే ఆ గుమ్మటం జాడ బయటికి కనిపించదు. దాని కింద ఫ్రెంచి శిల్పి ఊదోఁ చెక్కిన జార్జ్ వాషింగ్టన్ పాలరాతి విగ్రహం 1796 నుంచీ నిలబడి ఉంది. శిల్పి సముద్రం దాటి వచ్చి, ఆయన ముఖానికే అచ్చు తీసుకుని వెళ్లి చెక్కాడు.

1788లో సభ కొలువుదీరిన ఈ భవనం కట్టుబడిలో బానిసలైన నల్లజాతివారి శ్రమ ఉంది. ప్లాను గీసినవాడికీ బానిసలున్నారు. జెఫర్సన్ అభిరుచిని మెచ్చుకునేటప్పుడు ఈ మాట దాటవేయడం న్యాయం కాదు.

సభకు చోటు చాలక 1904–06లో ఇరుపక్కలా కొత్త భాగాలు కట్టారు. ముఖమండపానికి మెట్లు వచ్చిందీ అప్పుడే. ఆ భాగాలను పాత గోడలకు ఆనించకుండా, కాస్త వెనక్కి జరిపిన సన్నని నడవలతో కలిపారు. అందుకే గుడి రూపం ఇప్పటికీ విడిగా కనిపిస్తుంది.