పాట ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు

కొత్తపట్నం ఒడ్డుకు వేట నుంచి బోట్లు తిరిగొచ్చే వేళకే ఆడవాళ్లు గంపలు పట్టుకుని సిద్ధంగా ఉంటారు. వలలోంచి దులిపిన చేపను ఇసుక మీద కుప్పలు పోసి వేలం పాడతారు. చాలా కుప్పలకు కంటి అంచనాయే తూకం. పాటలోకి దిగబోయే మనిషి ముందు వంగి ఒక కానాగంత మొప్ప ఎత్తి చూస్తుంది. లోపల ఎర్రగా ఉందా, కన్ను తేటగా ఉందా, వేలితో నొక్కితే కండ గట్టిగా ఉందా అని చూసుకున్నాకే నోరు విప్పుతుంది.

ఆ కాసేపట్లో ఆమె మనసులో పెద్ద లెక్కే నడుస్తుంది. ఒంగోలుకు ఆటో చార్జీ ఎంత, ఐసుకు ఎంత? ఇవాళ శనివారమా, ఆదివారమా? పక్క గంపలో కూడా ఇదే చేప ఉంటే తన బేరం ఎంత పడిపోతుంది? మధ్యాహ్నానికి మిగిలినదాన్ని సగం ధరకు వదిలించుకోవాలా, ఇంటికి తెచ్చి ఉప్పేసి ఎండబెట్టాలా? ఇవన్నీ పోను మిగిలేదే ఆమె రోజు కూలి. ఆ హద్దు దాటి పాట పెరిగిందంటే ఒక అడుగు వెనక్కి వేసి, తర్వాతి కుప్ప కోసం చూస్తుంది.

సొంతంగా బతుకుదామనుకునే కుర్రవాళ్లకు సభల్లో, వీడియోల్లో ఎక్కువగా వినబడే మాట ‘తెగించాలి’ అని. ఉద్యోగం వదిలెయ్యి, ఉన్నదంతా పెట్టెయ్యి, దూకెయ్యి అంటారు. ఒడ్డున పాట పాడే ఆడవాళ్లలో తెగింపు లేదని కాదు. ఇట్టే పాడైపోయే సరుకును నమ్ముకుని రోజూ అప్పు మీద పెట్టుబడి పెట్టడం తెగింపే. కానీ వాళ్లను ఏళ్ల తరబడి నిలబెడుతున్నది ఎక్కడ ఆగాలో తెలియడం.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ ఇలాంటి గుణాల మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశాడు. ఆయన చెప్పిన ప్రయోగాల్లో ఒకటి చాలా చిన్నది. నేలలో పాతిన మేకుకు రింగులు వెయ్యాలి, ఎంత దూరం నుంచి వెయ్యాలన్నది ఎవరిష్టం వారిది. కొందరు మేకు పక్కనే నిలబడి వేస్తారు, కొందరు అందనంత దూరం నుంచి విసురుతారు. ఏదైనా సాధించాలన్న తపన గట్టిగా ఉన్నవాళ్లు మాత్రం కష్టమైనా తమ నైపుణ్యంతో కొట్టగలిగే మధ్య దూరాన్ని ఎంచుకున్నారు. 1961లో వచ్చిన ‘ది అచీవింగ్ సొసైటీ’ పుస్తకంలో ఆయన ఈ తపనకూ దేశాల ఆర్థిక ఎదుగుదలకూ సంబంధం ఉందని వాదించాడు.

ఆ వాదన నిగ్గు తేల్చుకోవడానికి ఆయన మన కాకినాడనే ఎంచుకున్నాడు. 1964లో అక్కడి నుంచి 52 మంది వ్యాపారులకు, చిన్న పరిశ్రమలవారికి హైదరాబాదులోని సియెట్ సంస్థలో శిక్షణ ఇచ్చారు. యూసఫ్‌గూడలో ఇప్పుడున్న నిమ్స్‌మే సంస్థకు అప్పటి పేరు అది. శిక్షణకు వచ్చినవాళ్లు తమ లక్ష్యాలు తామే రాసుకోవాలి, ఎంతవరకు వచ్చామో తామే చూసుకోవాలి. తర్వాత పరిశీలిస్తే, శిక్షణ పొందనివారికంటే వీరిలో కొత్త వ్యాపారాలు మొదలుపెట్టినవారు, పెట్టుబడి పెంచినవారు ఎక్కువగా కనిపించారు. కులం, కట్టూబొట్టూ, పాత నమ్మకాలు ఈ ఎదుగుదలకు అడ్డు కాలేదని కూడా తేలింది. డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్‌లెలాండ్ ఈ ఫలితాలను 1969లో పుస్తకంగా తెచ్చాడు. ఇవి పుట్టుకతోనే రావాల్సిన గుణాలు కావని, నేర్చుకుంటే వస్తాయని చెప్పడానికి కాకినాడ ఇప్పటికీ మంచి సాక్ష్యం.

మధ్య దూరం నుంచి రింగు వేసినవాళ్లు పెద్ద వ్యాపారాల్లోనూ ఉన్నారు. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన కల్లం అంజిరెడ్డి, ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో ఉద్యోగం మానేసిన వెంటనే డాక్టర్ రెడ్డీస్ పెట్టలేదు. ముందు భాగస్వాములతో కలిసి యూనిలాయిడ్స్, 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్స్, ఆ రెండింటి అనుభవం తర్వాత 1984లో డాక్టర్ రెడ్డీస్. ఆయన ప్రతి అడుగూ వెనకటి అడుగులో నేర్చుకున్నదాని మీదే పడింది.

సొంత పనికి పట్టుదల, మాట నిలకడ కూడా కావాలి. నిన్న నష్టపోయినా ఇవాళ మళ్లీ రేవుకు రావాలి. నిన్నటి పాట బాకీ తీర్చకపోతే ఇవాళ పాటలో ఆ గొంతుకు విలువ ఉండదు. అందుకే గంప ఖాళీ కాగానే చాలామంది చేసే మొదటి పని బాకీ డబ్బు విడిగా ముడి వేసుకోవడం.

అయితే గుణాలన్నీ ఉన్నా సరిపోని కాలం ఒకటి ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలకు పెరిగింది. ఆ సాయం వేటకు వెళ్లేవారి పేరున వస్తుంది. గంప మోసేవారి బేరం కూడా ఆ రెండు నెలలూ పడిపోతుంది. ఎండుచేపతోనో, చెరువు రొయ్యతోనో నెట్టుకురావాలి, లేదంటే వడ్డీకి తేవాలి. రోజువారీ వడ్డీ లాభాన్ని మింగేస్తుంటే పట్టుదల గురించి ఎన్ని పాఠాలు చెప్పినా ప్రయోజనం లేదు. అలాంటి మనిషి ఓడిపోతే గుణం చాలలేదనడం అన్యాయం.

పట్టణ వీధి వ్యాపారుల కోసం 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకం ఈ వడ్డీ భారాన్ని కొంతైనా తగ్గించగలదు. పూచీకత్తు అక్కర్లేదు. 2025లో సవరించాక మొదటి విడత అప్పు 15,000 వరకు, అది తీరిస్తే 25,000 వరకు, ఆపైన 50,000 వరకు ఇస్తారు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి పట్టణ పరిధిలో అమ్ముకునేవారికి కూడా, మున్సిపాలిటీ సిఫారసు లేఖ ఉంటే, ఇది వర్తిస్తుంది. కొత్తపట్నం నుంచి ఒంగోలు వచ్చి చేపలమ్మే ఆడవాళ్లు ఈ లెక్కలోకి వస్తారు. వాళ్ల దగ్గర చేపలు కొనేవారు ఈసారి బేరం అయ్యాక ఈ సంగతి చెప్పండి. వీలుంటే నగరపాలక సంస్థ కార్యాలయం దాకా తోడు వెళ్లి ఆ లేఖ ఇప్పించండి.