శివారు దాకా: కాలువ ఇంజనీరు, 5జీ ఇంజనీరు

కృష్ణా డెల్టా పాఠకుడికి కాలువ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ రోజుల నుంచీ బందరు, గుడివాడ, దివిసీమల బతుకు అక్కడి గేట్ల మీదే ఆధారపడి ఉంది. 2022 డిసెంబరులో విజయవాడకు చేరిన 5జీ మాత్రం చాలామందికి సినిమా త్వరగా దిగే సదుపాయంగానే పరిచయం. రేపటి ఇంజనీరు పనిని అది ఎలా మారుస్తుందో తేల్చుకోవాలంటే, దాన్ని మనకు బాగా తెలిసిన కాలువ పక్కన పెట్టి చూడాలి. రెండూ చాలీచాలని సరుకును పదిమందికీ పంచే ఏర్పాట్లే. ఒకటి పంచేది నీరు, ఇంకొకటి స్పెక్ట్రమ్.

వాలు, వెడల్పు, లోతు, గట్ల గరుకుదనం తెలిస్తే కాలువ ఎంత నీరు మోస్తుందో మానింగ్ సూత్రం చెప్పేస్తుంది. డెల్టాలో వాలు నామమాత్రం కనుక గుర్రపుడెక్క నాలుగు బారలు పేరుకుంటే చాలు, లెక్క తప్పుతుంది. అలాగే, తరంగాల దారి ఎంత సమాచారం మోయగలదో 1948లో క్లాడ్ షానన్ తేల్చాడు. బ్యాండు వెడల్పూ, రొదకు మించి సంకేతానికి ఉన్న బలమూ కలిసి ఆ హద్దు గీస్తాయి. కాలువ ఇంజనీరు వేసవిలో పూడిక తీయిస్తాడు. 5జీ ఇంజనీరు డజన్లకొద్దీ చిన్న యాంటెన్నాలు పేర్చి తరంగాన్ని నేరుగా ఫోను వైపు మళ్ళిస్తాడు. ఇద్దరూ హద్దును చెరపలేరు, దాని అంచు దాకా వెళ్ళగలరు.

నీరు తక్కువైన ఏడాది కాలువల మీద వంతులు పెడతారు. లస్కరు గేజి చదివి, షట్టరు ఎత్తి, ఎగువ రైతుతో మాటామాటా పడి, రాత్రిపూట గట్టు మీద కాపలా కాస్తాడు. టవరు కూడా వంతులే వేస్తుంది. కాకపోతే కాలువ మీద వంతు రోజుల లెక్క కాగా, 5జీలో తరచుగా వాడే అమరికలో అది అర మిల్లీసెకను. అంత వ్యవధిలో ఎవరూ ఎవరితోనూ వాదించలేరు. ఎవరికి ముందు, ఎవరికి ఎంత అన్న న్యాయాన్ని ఎక్కడో కూర్చున్న ఇంజనీరు ముందే ప్రోగ్రాముగా రాసి పెడతాడు. కాలువ మీద తీర్పు రోజూ, అక్కడికక్కడే జరుగుతుంది. నెట్‌వర్కులో ఒక్కసారి జరిగి, కోట్లసార్లు అమలవుతుంది. రాబోయే మార్పంతా ఇక్కడుంది. ఈ రెండో అలవాటు మిగతా ఇంజనీరింగ్ పనులకూ పాకబోతోంది.

ఆ పాకడం మొదలైంది కూడా. రొయ్యల చెరువు రైతు ఇంట్లో పడుకునే మొబైల్ స్టార్టర్‌తో ఏరేటర్లు ఆన్ చేస్తున్నాడు. నిజానికి ఆ చిన్న సందేశానికి 5జీ అక్కర్లేదు, 2జీ చాలు. కానీ ప్రతి చెరువులో ఆక్సిజన్ మీటరు, ప్రతి తూము దగ్గర గేజి, ప్రతి మురుగు కాలువలో ఉప్పు కొలిచే పరికరం పెడితే పాత నెట్‌వర్కు తట్టుకోవడం కష్టం. చదరపు కిలోమీటరుకు పది లక్షల పరికరాలన్నది 5జీ లక్ష్యం. 2023లో అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఒప్పుకున్న 6జీ చట్రంలోనైతే చుట్టుపక్కల కదలికలను పసిగట్టడం కూడా నెట్‌వర్కు పనే. మరోవైపు, బందరు పోర్టు లాంటి చోట క్రేను నడిపేవాడు క్రేను ఎక్కకుండా గదిలో కూర్చుని పనిచేసే రోజు రావచ్చు. పరిశ్రమలు సొంత 5జీ పెట్టుకునేందుకు 2022లోనే మార్గదర్శకాలు వచ్చాయి.

ఇక శివారు సంగతి. పులిగడ్డ అక్విడెక్టు దాటి దివిసీమ చివరి బోదెకు నీరు చేరేసరికి ఎగువ వాళ్ళ దమ్ములు అయిపోతాయి. అలాగే 3.5 గిగాహెర్ట్జ్ తరంగం ఎక్కువ దూరం పోదు. టవర్లు దగ్గరదగ్గరగా వేయాలి, వేస్తే ముందు గిరాకీ ఉన్న బందరు, గుడివాడ సెంటర్లలోనే వేస్తారు. అయితే నీరందని నాగాయలంక రైతు సెక్షను ఆఫీసు ముందు కూర్చుని ఇంజనీరును నిలదీయగలడు. సిగ్నలందని రైతుకు దొరికేది కస్టమర్ కేర్ రికార్డింగు. మెచ్చుకోవలసింది నెట్‌వర్కులోనూ ఉంది. ఏ టవరు కింద ఎవరికి ఎంత అందిందో అది క్షణక్షణం లెక్క రాస్తుంది. కాలువకు తన శివారు లెక్క ఏనాడూ సరిగా తెలియదు. కొలత కాలువ నేర్చుకోవాలి, జవాబుదారీ నెట్‌వర్కు నేర్చుకోవాలి.

విపత్తులో మాత్రం రెండింటి గతీ ఒక్కటే. 1977 నవంబరు 19 ఉప్పెన గట్లనూ తీగలనూ కలిపే తెంపింది. 2024 సెప్టెంబరు వరదలో బ్యారేజీ మీదికి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. ఆ వరదలో కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్ వెయిట్లను విరగ్గొట్టాయి. ఎన్ని పరికరాలున్నా విరిగినవి మార్చడానికి ఇంజనీర్లు, పనివాళ్ళు గేట్ల మీదికి ఎక్కవలసిందే. కనుక రిమోట్‌తో తిరిగే ప్రతి షట్టరుకూ చేత్తో తిప్పే చక్రం ఉండాలి, దాన్ని తిప్పడం తెలిసిన లస్కరు జీతం మీద ఉండాలి. తెర మీద గేజి కనిపిస్తోంది కదా అని ముందుగా తీసేసేది ఆ లస్కరు పోస్టునే. డెల్టా కాలేజీల్లో కమ్యూనికేషన్స్ చదివే పిల్లలకు ఒక సార్వా సీజను అతని వెంట పని అప్పగిస్తే, రేపు వాళ్ళు రాసే వంతుల ప్రోగ్రాములో శివారు లెక్క మొదటి వరుసలో ఉంటుంది.