గుండెకు మణికట్టు దారి

వైద్యుడు నాడి చూడడానికి వేళ్లు ఆనించే చోటు నుంచే ఇప్పుడు సన్నని గొట్టంతో గుండె దాకా వెళ్తున్నారు. మణికట్టులో బొటనవేలి వైపు కొట్టుకునే ఆ రక్తనాళం పేరు రేడియల్ ధమని. దాని వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లే. తొడ మొదట్లోని ధమని అంతకు రెండింతలకు పైగా ఉంటుంది. రాజమార్గం ఉండగా ఈ ఇరుకు సందు ఎందుకంటే, రక్తస్రావం భయం వల్ల.

యాంజియోగ్రామ్, యాంజియోప్లాస్టీ తొడ నుంచి చేస్తే కాలు కదపకుండా గంటల తరబడి వెల్లకిలా పడుకోవాలి. గజ్జ మీద ఇసుక సంచి, మూత్రానికి బెడ్‌పాన్. అదంతా ఎలాగో ఓర్చుకోవచ్చు. అసలు ప్రమాదం లోపలికి కారే రక్తంతో. అది పొట్ట వెనక చేరుతుంటే పైకి కనబడదు, ఒక్కోసారి బీపీ పడిపోయాక గాని తెలియదు. గుండెపోటుతో వచ్చినవాళ్లకు రక్తం గడ్డకట్టనివ్వని మందులు గట్టిగానే ఇస్తారు కాబట్టి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. మణికట్టులో నాళం చర్మం కిందే, ఎముక మీదే ఉంటుంది. వేలితో నొక్కితే రక్తం ఆగిపోతుంది. పైగా చిటికెనవేలి వైపు అల్నార్ అనే మరో ధమని ఉంది. అరచేతిలో రెండూ కలుస్తాయి గనుక ఒకటి మూసుకుపోయినా సాధారణంగా చేతికి రక్తం అందుతూనే ఉంటుంది.

మాంట్రియల్‌లో లూసియన్ కాంపో ఈ దారిన 100 మందికి యాంజియోగ్రామ్ చేసి 1989లో ప్రచురించారు. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫెర్డినాండ్ కీమనే ఇదే దారిన యాంజియోప్లాస్టీ మొదలుపెట్టారు. మన దేశంలో ఈ విద్యను పట్టుదలగా నేర్పినవారిలో అహ్మదాబాద్ వైద్యుడు తేజస్ పటేల్ ముందుంటారు. అయినా చాలాకాలం దీన్ని కొందరు డాక్టర్ల ముచ్చటగానే చూశారు. 2015లో వెలువడిన మేట్రిక్స్ అధ్యయనం 8,404 మంది రోగుల్లో ఈ రెండు దారులనూ పోల్చింది. 30 రోజుల్లో మరణాలు తొడ దారిలో 2.2 శాతం, మణికట్టు దారిలో 1.6 శాతం. ‘అదే రోజు ఇంటికి’ అని ప్రకటనల్లో రాసుకునే సౌకర్యం కంటే నాకు ఈ తేడాయే పెద్దదిగా కనిపిస్తుంది.

పని మాత్రం సున్నితం. చేతిని పలక మీద చాపి, మణికట్టు కాస్త వెనక్కి వంచి, మత్తు సూది కొద్దిగా ఇస్తారు. ఎక్కువ ఇస్తే చర్మం ఉబ్బి నాడి వేలికి అందదు. సన్నని సూది ఏటవాలుగా గుచ్చగానే రక్తం చిమ్ముతుంది. అందులోంచి వెంట్రుకలాంటి తీగ, దాని మీదుగా షీత్ అనే గొట్టం. ఈ నాళానికి బెదురెక్కువ. నొప్పికీ భయానికీ బిగుసుకుపోతుంది, సన్నని నాళాలున్న ఆడవాళ్లలో మరీ. అందుకే నాళం సడలడానికి నైట్రోగ్లిజరిన్, వెరాపమిల్ లాంటి మందులు ఎక్కిస్తారు. అప్పుడు చెయ్యంతా మంటగా అనిపించవచ్చు. గడ్డ కట్టకుండా హెపారిన్ ఇస్తారు. తీగ భుజం దాటి బృహద్ధమని వైపు తిరగనప్పుడు “గట్టిగా ఊపిరి పీల్చండి” అంటారు. ఆ ఒక్క శ్వాసతో ఒంపు కాస్త సాగి దారి దొరుకుతుంది.

కొందరికి మోచేతి దగ్గర నాళం మెలిక తిరిగి ఉంటుంది. అక్కడ షీత్‌లోంచి గుండెకు వెళ్లే గొట్టం అంచు నాళం గోడను గీరకుండా, దాని కొసన చిన్న బెలూన్‌ను సగం బయటికి ఉంచి ఉబ్బించి నడిపే ఉపాయాన్ని పటేల్ బృందం ప్రచారంలోకి తెచ్చింది. అదీ కుదరకపోతే మంచి డాక్టర్ పంతానికి పోడు, రెండో చేతికో తొడకో మారతాడు.

చివర్లో మణికట్టుకు గాలి పట్టీ కడతారు. రక్తం ఆగేంతే బిగించాలి, నాడి మాత్రం ఆగకూడదు. అతిగా బిగిస్తే నాళం మూసుకుపోతుంది. అందుకే నర్సు గాలి కొంచెం కొంచెం తీస్తూ చూస్తుంది. నా లెక్కలో డాక్టర్ నేర్పుకు ఇది ఏమాత్రం తీసిపోదు.

ఒక్క మాట. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఆ సంగతి బల్ల ఎక్కకముందే చెప్పాలి. రేపు డయాలసిస్ అవసరమైతే ఫిస్టులా (ధమనినీ సిరనూ కలిపే దారి) పెట్టేది ఆ చేతి నాళాలతోనే. బైపాస్‌కు కూడా సర్జన్లు ఒక్కోసారి ఈ ధమనినే తీసి వాడతారు. ఏ చేతి నుంచి చేస్తున్నారో, ఎందుకో అడగడానికి మొహమాటపడకండి.