శేషాచలం కథ – మారేడుమిల్లి బాట: ‘పుష్ప’లో వాహన వేట

సుకుమార్ దర్శకత్వంలో 2021 డిసెంబరులో విడుదలైన ‘పుష్ప: ది రైజ్’ చిత్తూరు మాండలికాన్ని కథానాయకుని నోట ఆద్యంతం పలికించిన చిత్రంగా విశేష చర్చకు పాత్రమైంది. మాట గురించి జరిగినంత చర్చ నేల గురించి జరగలేదు. కథ శేషాచలం అడవులది. అటవీ దృశ్యాలలో ప్రధాన భాగాన్ని చిత్రీకరించినది తూర్పు గోదావరి మన్యంలోని మారేడుమిల్లి ప్రాంతంలో. పోలీసు జీపులు ఎర్రచందనం లారీని తరిమే ఘట్టాలలో ఈ స్థలభేదం బయటపడుతుంది.

వేగాన్ని కెమెరా నేరుగా పట్టలేదు. పక్కనున్నవి వెనక్కి పరుగెత్తితేనే బండి ముందుకు దూసుకుపోతున్నట్టు తోస్తుంది. కెమెరాను నేలకు దగ్గరగా అమర్చి వైడ్ యాంగిల్ లెన్స్ వాడితే సాధారణ వేగం కూడా ఎక్కువగా కనిపిస్తుంది. టెలిఫొటో లెన్స్ రెండు బండ్ల నడుమ ఎడాన్ని కుదిస్తుంది. దారికి ఆనుకొని చెట్లు దట్టంగా ఉన్న మారేడుమిల్లి ఈ పనికి ఎంతో అనువైనది. ఛాయాగ్రాహకుడు మిరోస్లావ్ కూబా బ్రోజెక్ ఆ పచ్చని చీకటిని సమర్థంగా వాడుకున్నాడు.

అయితే ఎర్రచందనం పెరిగేది పొడి నేలలో, రాతి వాలులలో. తలకోన వంటి లోయలను మినహాయిస్తే శేషాచలం చాలావరకు ఆకురాల్చే అడవి. వేసవిలో అక్కడ బండి కంటే ముందు అది రేపిన దుమ్మే కనిపిస్తుంది. అటువంటి చోట లారీని మాయం చేయడానికి కావలసిన నేర్పు వేరు. పుష్ప తెలివిగా ప్రేక్షకుడు మెచ్చుకున్నదానిలో కొంత మారేడుమిల్లి చెట్ల చలవే.

రక్షిత అడవిలో భారీ చిత్రీకరణ తేలిక కాదు గనుక స్థలం మార్చుకోవడాన్ని తప్పుపట్టలేము. ‘బులిట్’ (1968)లోని ప్రసిద్ధ కార్ల వేటలోనూ వీధులు అసలు వరుసలో ఉండవు. ఒకే ఆకుపచ్చ ఫోక్స్‌వ్యాగన్ పదేపదే ఎదురవుతుంది. కానీ కార్లు ఎగిరిపడే ఆ నిటారు వాలు శాన్‌ఫ్రాన్సిస్కోదే. ఆ వేటను మరో ఊరికి తరలిస్తే మిగిలేది తక్కువ.

‘పుష్ప’లో లోపించినది బరువు. ఎర్రచందనపు చేవ సాధారణంగా నీటిలో మునిగేటంత సాంద్రమైనది. ఆ దుంగలతో నిండిన లారీ మలుపులో ఒరగాలి, ఎగువలో రొప్పాలి, పల్లంలో బ్రేకుకు లొంగకూడదు. తెరమీది లారీ ఖాళీ బండిలా చురుకుగా పోతుంది. దాడి సమయంలో నదిలోకి తోయించిన దుంగలు కూడా హాయిగా తేలిపోతాయి. (స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువకాలం ఇసుకగానే ఉండే ప్రాంతానికి అంత నీరు దొరకడం మరో అదృష్టం.)

‘సమరసింహారెడ్డి’ (1999) తరువాతి సీమ చిత్రాలలో సుమోలు ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నాయన్నది అప్రస్తుతం. పేలడమే వాటి గమ్యం. వాటితో పోలిస్తే ‘పుష్ప’ లారీకి ఒక సరుకుంది, కూలీల చెమట ఉంది, చేరవలసిన చోటుంది. అందుకే దాని తేలికదనం మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. భాకరాపేట కనుమలో లోడు లారీ వెనుక చిక్కుకొని గేరు మారే చప్పుడు విన్న ప్రేక్షకుడు ఈ తేడాను సులువుగానే పోల్చుకుంటాడు.