దోమల మీద రాస్ వేసిన లెక్క

సికింద్రాబాద్ బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడని చిన్నప్పుడే చదువుకున్నాం. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన ఒక్కో దోమకూ ఒక్కో అణా ఇచ్చాడనీ చెప్పుకుంటాం. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ తర్వాత ఆయన మైక్రోస్కోపు పక్కనపెట్టి కాగితం, కలం పట్టుకున్న సంగతి మాత్రం మన పాఠాల్లోకి ఎక్కలేదు. నన్నడిగితే ఆ రెండో పని మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు.

దోమలన్నిటినీ చంపడం ఎవరి తరం అని అప్పట్లో పెద్ద వాదం నడిచింది. లాహోర్ దగ్గరి మియాన్ మీర్ కంటోన్మెంటులో దోమల నిర్మూలన ప్రయత్నం విఫలం కావడంతో ఆ వాదానికి బలం పెరిగింది. అన్నిటినీ చంపనక్కర్లేదన్నది రాస్ జవాబు. ఒక రోగి కోలుకునేలోగా దోమల ద్వారా సగటున ఒకరికన్నా తక్కువమందికే జబ్బు సోకితే, అది దానంతటదే అంతరిస్తుంది. కాబట్టి దోమల సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలు. 1908 నాటి మారిషస్ నివేదికలోనూ, 1911 నాటి పుస్తకంలోనూ ఆయన దీన్ని లెక్కకట్టి చూపాడు. 1917లో హిల్డా హడ్సన్ అనే గణితవేత్త ఆయనతో కలిసి ఆ పనిని ముందుకు తీసుకెళ్లింది.

రాస్ వెంట 1901లో సియెర్రా లియోన్ వెళ్లిన డాక్టర్ మెక్‌కెండ్రిక్, తర్వాత కసౌలీ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశాడు. ప్రయోగశాల ప్రమాదంలో చూపు పోయిన కెర్మాక్‌తో కలిసి 1927లో అంటువ్యాధుల నమూనా ప్రచురించి, దాన్ని 1905-06 బొంబాయి ప్లేగు మరణాలతో సరిపోల్చాడు. అది ఎలా నడుస్తుందో పెన్సిలుతో చూడవచ్చు. ఊళ్లో 1000 మంది, అందులో 10 మంది రోగులు అనుకుందాం. ఒక్కొక్కరు ఐదు రోజులు జబ్బుపడి, ఆలోగా ఇద్దరికి అంటించగలరు. అంటే రోజుకు 0.4 మందికి. వెయ్యిమందిలో ఇంకా జబ్బు సోకనివాళ్ల వంతు 0.99 కాబట్టి, మొదటిరోజు కొత్త రోగులు 10 × 0.4 × 0.99, దాదాపు 4. కోలుకునేవాళ్లు 2. మర్నాటికి రోగులు 12, జబ్బు సోకనివాళ్లు 986. ఆ రోజు కొత్తవాళ్లు సుమారు 4.7, కోలుకునేవాళ్లు 2.4. అలా పోతూ పోతూ, సోకనివాళ్లు 500కు దిగాక కొత్త రోగులకన్నా కోలుకునేవాళ్లే ఎక్కువవుతారు. కెరటం విరుగుతుంది. చివరికి సుమారు 200 మందికి జబ్బు తగలనే తగలదు. ఊరంతా జబ్బుపడకుండానే మహమ్మారి ఎందుకు చల్లారుతుందో ఇంత సూటిగా చెప్పే మార్గం ఇంకొకటి నాకు కనబడలేదు.

ఈ లెక్కలో ఒక లోపముంది. పొద్దుటి వేగమే రోజంతా ఉంటుందనుకున్నాం, నిజానికి అది గంటగంటకూ మారుతుంది. రోజుకొకసారి కాక పూటకొకసారి లెక్కేస్తే తప్పు దాదాపు సగమవుతుంది. ఇది ఆయిలర్ పద్ధతి. ప్రతి విరామంలో నాలుగుసార్లు వేగాన్ని అంచనా వేసి సగటు తీసే రూంగే-కుట్టా పద్ధతిలోనైతే, విరామాన్ని సగం చేస్తే తప్పు పదహారో వంతుకు పడిపోతుంది. కంప్యూటర్లు ఈ రకమైన పనినే కోట్లసార్లు చేస్తాయి.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది 1950లలో మలేరియా నిపుణుడు జార్జ్ మెక్‌డొనాల్డ్ తేల్చిన సంగతి. దోమ ఒంట్లో మలేరియా క్రిమి ఎదిగి ఇంకొకరికి అంటుకునే స్థితికి రావడానికి పదిరోజులు పడుతుందనుకుందాం. రోజుకు నూటికి 90 దోమలు బతికితే, పదిరోజులకు నూటికి 35 మిగులుతాయి. రోజుకు 80 బతికితే మిగిలేవి 11 మాత్రమే. పుట్టే దోమల్ని సగం చేస్తే ముప్పు సగమే తగ్గుతుంది. రోజుకు బతికేవాటిని నూటికి 90 నుంచి 80కి తగ్గిస్తే మూడింట రెండు వంతులకు పైగా పోతుంది. కుట్టాక గోడమీద వాలే దోమకు తగిలేలా ఇళ్ల గోడలకు డీడీటీ కొట్టడం వెనక ఉన్న తర్కం ఇదే. 1955లో మొదలైన ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా నిర్మూలన కార్యక్రమానికి ఇది గట్టి ఆధారమైంది.

మన దేశంలో 1965 నాటికి కేసులు లక్ష దరిదాపులకు దిగాయి. 1976కల్లా 64 లక్షలు దాటాయి. నిఘా సడలింది, నిధులు చాలలేదు, దోమలు డీడీటీని తట్టుకోవడం నేర్చాయి. దోమ మారుతుందన్న సంగతి మెక్‌డొనాల్డ్ లెక్కలో లేదు. గుణకారం తప్పలేదు, అందులోకి తీసుకోని సంగతే దెబ్బతీసింది. అందుకే కరోనా కాలంలోలా ఎవరైనా రేపటి కేసుల గ్రాఫు మీ ముందు పెడితే, కొట్టిపారేయకండి, కళ్లకద్దుకోనూ వద్దు. ఏ ఊహల మీద గీశారో, ఏం వదిలేశారో ముందు అడగండి.